స్పానిష్ పేర్ల క్విజ్ కార్డులు: అమలాపురంలో కొన్న పెట్టెపై సమీక్ష

అమలాపురంలోని ఒక పుస్తకాల దుకాణంలో మా అమ్మాయి కోసం కొన్న ఈ తెలుగు క్విజ్ కార్డుల పెట్టెలో, స్పానిష్ భాషలో నామానికి ముందు వచ్చే ఎల్, లా, లోస్, లాస్ అనే నాలుగు మాటలతో మొదలయ్యే ప్రసిద్ధమైన పేర్ల విభాగమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. ఎల్ నినో కార్డును ఇంటిల్లిపాదీ చదివాము. ఎల్ నినో వస్తే వానలు తగ్గవచ్చంటారు కనుక, సార్వాకు (ఖరీఫ్ వరి పంటకు) కాలువ నీరు సరిగా అందుతుందో లేదోనన్న బెంగతో ఏటా ఆ పేరు వింటూనే ఉన్నా, క్రిస్మస్ రోజుల్లో సముద్రపు నీరు వేడెక్కడం గమనించిన పెరూ జాలరులు బాలయేసును తలచుకొని పెట్టిన పేరని మాలో ఎవరికీ తెలియదు. క్రీటు దీవిలో 1541లో పుట్టి స్పెయిన్‌లో స్థిరపడిన చిత్రకారుడు డొమెనికోస్ థియోటోకోపులోస్‌కు 'గ్రీకువాడు' అనే అర్థంలో ఎల్ గ్రెకో అన్న పేరు నిలిచిపోయిందని చెప్పే కార్డు కూడా చక్కగా ఉంది. మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్, బొలీవియా నగరమైన లా పాజ్ కార్డులు మాత్రం అర్థం చెప్పి ఊరుకున్నాయి.

నన్ను బాధించిన లోపం ఒకటుంది. లాస్ ఏంజెలిస్‌లో ఉన్నది పుంలింగ బహువచనమైన 'లోస్', లాస్ వేగాస్‌లో ఉన్నది స్త్రీలింగ బహువచనమైన 'లాస్'. తెలుగులో రెంటినీ ఒకేలా రాయడం అలవాటు కనుక, కార్డు వెనుక ఒక్క వాక్యం వివరణ తప్పక ఉండవలసింది. అది లేకపోవడంతో 'దేవదూతలు', 'పచ్చిక మైదానాలు' అనే అర్థాలను మా అమ్మాయికి నేనే కాగితంపై రాసి చూపించాను. అట్ట దళసరిగా ఉంది, అక్షరాలు పెద్దవి. ఆరో తరగతి దాటిన పిల్లలకు నిస్సందేహంగా కొనవచ్చు.