ద్వారకానగర్ కాకస్ క్లాసు: తలల లెక్క బాగుంది, తర్వాతి మెట్లే లేవు

ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆదివారాలు నడుపుతున్న మూడు గంటల క్లాసు ఇది. ఫీజు 600 రూపాయలు. పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకున్న పిల్లలూ, కొడుకులూ కూతుళ్లూ అమెరికాలో ఉన్న పెద్దవాళ్లూ వస్తున్నారు. కాకస్ అంటే అమెరికాలో పార్టీవాళ్లు తమ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం ఎక్కడికక్కడ కూడే సమావేశం. అది ఎలా జరుగుతుంది, అందులోంచి డెలిగేట్లు, అంటే పై సభలకు వెళ్లే ప్రతినిధులు, ఎలా తేలతారు అన్నది పాఠం. మొదటి సగం ఇంత బాగా చెప్పేవాళ్లు విశాఖలో అరుదు. రెండో సగం మాత్రం దాదాపు లేనట్టే.

మన పార్టీల్లో టికెట్ పైనుంచి దిగుతుంది. జీవీఎంసీలో 98 వార్డులున్నాయి. ఏ వార్డులోనైనా పార్టీ అభ్యర్థి ఎవరన్నది బీ-ఫారం చేతికొచ్చాకే ఖాయం. వార్డు కార్యకర్తలంతా ఓ సాయంత్రం స్కూల్లో కూడి, ఎవరివైపు ఎంతమందో లెక్కపెట్టుకుని తేల్చుకోవడం మనం ఎరగని పద్ధతి. అందుకే ఈ పాఠం బోర్డు మీద రాస్తే ఎక్కదు, మనుషుల్ని నిలబెట్టి చూపించాలి. వీళ్లు అదే చేస్తున్నారు.

బల్లలు గోడకు జరిపి, 40 మందితో 2020 నాటి అయోవా రాష్ట్రపు డెమొక్రటిక్ పార్టీ ప్రెసింక్ట్ తయారుచేశారు. ప్రెసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది. ఎన్నుకోవాల్సింది ఐదుగురు డెలిగేట్లను. నాయకుల పేర్లు పెడితే వాదనలొస్తాయని నాలుగు మూలలకూ దోసె, ఇడ్లీ, పూరీ, ఉప్మా అని పేర్లు పెట్టారు. మొదటి లెక్కలో దోసె వైపు 19, ఇడ్లీ 11, పూరీ 6, ఉప్మా 4. గుంపు నిలవాలంటే 15 శాతం కావాలి, అంటే 40లో 6. పూరీ గట్టెక్కింది, ఉప్మా ఆగిపోయింది. ఆ నలుగురిలో ఇద్దరు దోసెకూ ఇద్దరు ఇడ్లీకీ వెళ్లారు. చివరికి 21, 13, 6.

ఇక్కణ్నుంచి అసలు లెక్క. గుంపులో ఉన్నవాళ్లను డెలిగేట్ల సంఖ్యతో గుణించి, హాజరైన మొత్తం మందితో భాగించాలి. దోసెకు 2.625, ఇడ్లీకి 1.625, పూరీకి 0.75. సవరిస్తే 3, 2, 1. కూడితే ఆరు, ఉన్నవి ఐదు సీట్లే. పైకి సవరించిన గుంపుల్లో దశాంశం తక్కువున్నది ఒక సీటు వదులుకోవాలి. దోసెకూ ఇడ్లీకీ రెండింటికీ .625 వచ్చి కూర్చుంది. సమానమైతే నాణెం ఎగరేయాలన్నది అయోవా నిబంధన. మాస్టారు జేబులోంచి ఐదు రూపాయల బిళ్ల తీసి ఎగరేశారు, ఇడ్లీ ఒక సీటు పోగొట్టుకుంది. ఇలా సమానం వచ్చేలా అంకెలు ముందే కూర్చుకున్నారంటే పాఠం మీద ఎంత శ్రద్ధ పెట్టారో తెలుస్తుంది.

అయితే ఈ గదిలోనే రెండు తప్పులు దొర్లాయి. 15 శాతం అన్నిచోట్లా వర్తిస్తుందని చెప్పారు. నాలుగు, అంతకన్నా ఎక్కువ సీట్లున్న ప్రెసింక్ట్‌కే అది. మూడు సీట్లైతే ఆరో వంతు, రెండైతే పాతిక శాతం, ఒక్కటే అయితే సగానికి పైన ఉండాలి. ఇవే 40 మందికి రెండే సీట్లుంటే కనీసం పదిమంది కావాలి, పూరీ కూడా పోయేది. పైగా భిన్నం వస్తే ఎప్పుడూ పైకే సవరించాలి: 42 మందికి 6.3 వస్తుంది, అంటే ఏడుగురు.

రెండోది, దోసె వైపు నిలబడ్డ ఒకాయనను మధ్యలో ఇడ్లీకి మారి, మళ్లీ వెనక్కి రానిచ్చారు. 2020 నిబంధనల ప్రకారం మొదటి లెక్కలోనే నిలిచిన గుంపులోవాళ్లు ఇక కదలకూడదు. మారే హక్కు ఆగిపోయిన గుంపుకే. వాళ్లు నిలిచిన గుంపులో చేరొచ్చు, లేదా తమలో తాము కలిసి కొత్త గుంపు కట్టొచ్చు. ఇది పట్టకపోతే రెండు వైపులా ముద్రించిన ఓటు కార్డు ఎందుకో అర్థం కాదు. ఒకవైపు మొదటి ఎంపిక, రెండోవైపు చివరిది.

అసలు లోటు తర్వాతి మెట్లలో ఉంది. ఆ రాత్రి ఎన్నికైన ఐదుగురూ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఖరారుచేసే జాతీయ మహాసభకు నేరుగా వెళ్లరు. వెళ్లేది కౌంటీ మహాసభకు, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కణ్నుంచి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గం, రాష్ట్రం, ఆ పైన జాతీయ స్థాయి. ఒక్కో మెట్టులో మనుషులు తగ్గుతారు. సీట్లు ఖరారయ్యాక ప్రతి గుంపూ తనలోంచి డెలిగేట్లనూ వాళ్లకు ప్రత్యామ్నాయాలనూ ఎన్నుకోవాలి, ఇది క్లాసులో జరగనే లేదు. ఈ మెట్లు తెలియకపోతే 2020 ఫలితం అంతుపట్టదు. అప్పుడు పోటీపడ్డవాళ్లలో రెండు లెక్కల్లోనూ ఎక్కువమంది నిలబడింది బెర్నీ శాండర్స్ వైపు. జాతీయ డెలిగేట్లు మాత్రం ఆయన ప్రత్యర్థి పీట్ బుటిజెజ్‌కు 14, శాండర్స్‌కు 12. ప్రతి ప్రెసింక్ట్‌కూ సీట్లు ముందే ఖాయమై ఉంటాయి గనక, ఒకేచోట జనం ఎంత పోగైనా అక్కడి సీట్లు పెరగవు.

క్లాసులో ఇచ్చే కరపత్రం పాతది. 2024లో అయోవా డెమొక్రాట్లు అధ్యక్ష అభ్యర్థి ఎంపికకు మూలల్లో నిలబడలేదు, పోస్టులో కార్డులు పంపారు. ఫలితం మార్చి 5న చెప్పారు. అక్కడి రెండో పెద్ద పార్టీ రిపబ్లికన్లకు ఈ మూలల వ్యవహారం లేదు. ప్రసంగాలు విని చీటీ మీద రహస్యంగా ఓటేస్తారు. 2024 జనవరి 15న అలాగే జరిగింది, 40 డెలిగేట్లలో ట్రంప్‌కు 20 వచ్చాయి. నెవాడా రాష్ట్రం 2021లోనే చట్టం మార్చి ప్రైమరీకి, అంటే మామూలు పోలింగ్ పద్ధతికి, వెళ్లింది. అయినా 2024లో అక్కడి రిపబ్లికన్ పార్టీ విడిగా కాకస్ పెట్టుకుంది. ఇవేవీ కరపత్రంలో లేవు.

చేరేవాళ్లు 30 మందికి పైగా ఉన్న బ్యాచ్ ఎంచుకోండి, తక్కువైతే నాలుగు మూలలు నిండవు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉన్నా కాగితం మీదే లెక్క చేయండి. ఉప్మా మూలలో నిలబడే అవకాశమొస్తే వదులుకోకండి, నలుగురూ బతిమాలేది అక్కడివాళ్లనే.