ఎడమ చెవికి సగం, కుడి చెవికి సగం: మ్రావిన్‌స్కీ ‘పథేటిక్’

రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన ఆరో సింఫనీ ‘పథేటిక్’కి రికార్డింగులు కొల్లలుగా ఉన్నాయి. వాటిలో కండక్టరు యెవ్గెనీ మ్రావిన్‌స్కీ లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో 1960లో వియన్నాలో చేసినది గొప్పదని ఎవరినడిగినా చెబుతారు. దాని వేగం గురించి, వాద్యబృందం క్రమశిక్షణ గురించి రాసినవారు చాలామందే ఉన్నారు కాబట్టి అవి మళ్లీ రాయను. నాలుగు, ఐదు, ఆరు సింఫనీలున్న రెండు సీడీల సెట్టు నా దగ్గర ఏళ్లుగా ఉంది. ఫోనులోకి ఎక్కించుకుని రాత్రిళ్లు వింటుంటాను. దీన్ని ఎవరికీ అరువివ్వకుండా దాచుకోవడానికి కారణం ఒక్కటే: ఆరో సింఫనీ చివరి భాగంలోని తొలి నిమిషం.

ఆ నిమిషంలో ఏముందో నాకు చూపించింది పాడైపోయిన ఇయర్‌ఫోన్లు. మూడో భాగంలోని మార్చ్ నడుస్తుండగానే వైరు దగ్గర గరగర మొదలై, అది హోరెత్తి ముగిసేసరికి ఎడమవైపు పూర్తిగా మూగబోయింది. ఒక చెవితోనే వింటే పోయేదేముందిలే అని ఆపలేదు. నాలుగో భాగం మొదలవుతూనే వయొలిన్లు అవరోహణలో దిగే ఒక పాట ఎత్తుకుంటాయి. అది నాకు కంఠతా వచ్చు. ఆ పాట లేదు! దాని చోట ఒకసారి పైకి, ఒకసారి కిందికి గెంతుతున్న స్వరాలు, ఒకదానితో ఒకటి పొసగనివి వినిపించాయి. అసలు పాట మాత్రం ఎక్కడో దూరంగా, ముక్కలు ముక్కలుగా ఉంది. వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. వైరును వేలితో ఒక చోట నొక్కిపట్టుకుంటే ఎడమవైపు పలికింది, పలకగానే పాట వచ్చేసింది. వదిలితే గెంతులు, నొక్కితే పాట. ఆ రాత్రి నిద్ర మానుకుని ఆ వైరుతోనే ఆడుకున్నాను.

సంగతేమిటంటే, ఆర్కెస్ట్రాలో వయొలిన్లు మొదటి, రెండో అని రెండు బృందాలు. చైకోవ్‌స్కీ ఆ పాటను ఏ ఒక్క బృందానికీ పూర్తిగా ఇవ్వలేదు. ఒక స్వరం మొదటి వయొలిన్లది, తర్వాతిది రెండో వయొలిన్లది, ఆ తర్వాతిది మళ్లీ మొదటివాళ్లది. ఎవరి కాగితం తీసి చూసినా ఉండేది గెంతులే. మనం పాడుకుంటూ ఇంటికి తీసుకెళ్లే పాటను నిజానికి అక్కడ ఎవరూ వాయించరు, అది మన చెవుల మధ్య కూడుతుంది. అదే పాట ఆ భాగంలో తర్వాత తిరిగి వచ్చినప్పుడు మాత్రం మొత్తంగా మొదటి వయొలిన్లకే అప్పగించాడు. అంటే మొదట్లో పంచింది కావాలనే. 1893 అక్టోబరులో పీటర్స్‌బర్గ్‌లో ఈ సింఫనీని తొలిసారి తానే నడిపించి, తొమ్మిది రోజులకే కన్నుమూశాడు కాబట్టి దీన్ని లోకానికి ఆయన చెప్పిన వీడ్కోలుగా వర్ణించడం ఆనవాయితీ అయిపోయింది. ఆ కథ మీద నాకు పెద్ద మోజు లేదు. అందరూ కన్నీళ్లు పెట్టుకునే చోటే ఇంత లెక్కప్రకారం పనితనం దాగి ఉందంటే మాత్రం ముచ్చటేస్తుంది.

ఇది ప్రతి రికార్డింగులోనూ వినపడదు. పాత రోజుల్లో మొదటి వయొలిన్లను కండక్టరుకు ఎడమవైపు, రెండో వయొలిన్లను కుడివైపు ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. 20వ శతాబ్దంలో చాలా ఆర్కెస్ట్రాలు రెండు బృందాలనూ ఎడమవైపే పక్కపక్కన పెట్టుకున్నాయి. దానివల్ల కలిసి వాయించడం తేలికైంది. మరో పేరున్న కండక్టరు కరాయన్ బెర్లిన్‌లో చేసిన రికార్డింగుల్లో ఈ పాట నున్నగా ఒకే దిక్కు నుంచి వస్తుంది. అందంగానే ఉంటుంది గానీ, ఇచ్చిపుచ్చుకోవడం వినపడదు. 1938 నుంచి 1988లో చనిపోయేదాకా లెనిన్‌గ్రాడ్ ఆర్కెస్ట్రాను నడిపించిన మ్రావిన్‌స్కీ పాత పద్ధతిని వదల్లేదు. దానికి ఎడమ, కుడి ధ్వనులను విడివిడిగా వినిపించే స్టీరియో కూడా తోడైంది. ఇదే సింఫనీని ఇదే ఆర్కెస్ట్రాతో ఆయన 1956లోనూ వియన్నాలోనే రికార్డు చేశాడు, కానీ అది మోనో. అందులో రెండు చెవులకూ వచ్చేది ఒకటే. నేను ఆ రాత్రి వింటున్నది అదే అయి ఉంటే, వైరు తెగినందుకు విసుక్కోవడమే మిగిలేది.

ఇక రెండో సంగతి. ఈ ఆనందమంతా ఇయర్‌ఫోన్లతోనే. ఇయర్‌ఫోన్లతో మొదటి భాగం వినడం మాత్రం కొంచెం కష్టమే. పాశ్చాత్య స్వరలిపిలో మెల్లగా వాయించమనడానికి ‘పి’ అక్షరం వేస్తారు, మరీ మెల్లగా అయితే రెండు. మొదటి భాగం మధ్యలో క్లారినెట్ పాట బసూన్ అనే మంద్రస్థాయి ఊదే వాద్యం చేతికి వచ్చి ఆరిపోయే చోట చైకోవ్‌స్కీ ఏకంగా ఆరు వేశాడు. సీలింగు ఫ్యాను తిరుగుతున్న గదిలో ఆరు ‘పి’లంటే ఏమీ లేనట్టే. చెయ్యి దానంతటదే వాల్యూము మీదికి పోతుంది. ఆ మరుక్షణం ఆర్కెస్ట్రా అంతా కలిసి ఒక్క దెబ్బ కొడుతుంది. మ్రావిన్‌స్కీ దెబ్బలో దయాదాక్షిణ్యాలు ఉండవు. వస్తుందని తెలిసి కూడా ప్రతిసారీ ఉలిక్కిపడతాను. మే నెలలో ఫ్యాను కట్టేసి వినేంత భక్తి నాకు లేదు. మన కచేరీలో గాయకుడు ఊపిరి తీసుకున్నా తంబూర శ్రుతి ఆగదు. ఆ అలవాటుతో పెరిగిన చెవికి ఈ ఆరు ‘పి’ల చోట ఫోను ఆగిపోయిందేమో అనిపిస్తుంది. పైగా 1960 నాటి టేపు ‘స్స్’మనే శబ్దం సరిగ్గా అక్కడే బయటపడుతుంది.

ఇలా ఉలిక్కిపడేలా మోగుతుందన్న పేరు రష్యన్ సంగీతానికి ఉన్నదే. టెలార్క్ కంపెనీ 1979లో నిజం ఫిరంగుల మోతతో విడుదల చేసిన చైకోవ్‌స్కీ ‘1812 ఓవర్చర్’ రికార్డు అట్ట మీద స్పీకర్లు జాగ్రత్త అని హెచ్చరికే అచ్చు వేశారు. ఇక్కడ ఆ హెచ్చరిక కూడా లేదు.

స్పీకర్లలో వింటే దెబ్బ భరించవచ్చు. కానీ మా ఇంట్లో స్పీకర్లు రెండూ టీవీ బల్ల మీద పక్కపక్కనే ఉంటాయి, వాటిని విడదీసి పెట్టేంత హాలు లేదు. అప్పుడు ఎడమ కుడి తేడా పోతుంది, నేను ఇంతసేపు పొగిడినదీ దాంతోపాటే పోతుంది.

మిగతా రెండు సింఫనీల గురించి క్లుప్తంగా. లండన్‌లో రికార్డయిన నాలుగో దాని ఆరంభంలో ఇత్తడి వాద్యాలు కొత్తలో ఒళ్లు జలదరింపజేశాయి. ఇప్పుడు వరుసగా వింటే చెవులు అలసిపోతున్నాయి. ఐదో దాని రెండో భాగంలో హార్న్ వణుకుతూ పలుకుతుంది. ఆ వణుకు నచ్చని పాశ్చాత్య శ్రోతలు ఉన్నారు. గమకాలకు అలవాటుపడ్డవాడిని కాబట్టి నాకది ఇబ్బంది కాదు, నిజానికి అదంటేనే ఇష్టం.

ఒక్క ‘పథేటిక్’ కొంటే చాలనుకునేవారికి ఇదే కొనమని గట్టిగా చెప్పలేను. నేను రాత్రిపూట ఒంటరిగా, అదీ ఇయర్‌ఫోన్లతో వినేవాడిని. స్వరలిపి చదవడం వచ్చినవారికి ఈ రహస్యం కాగితం మీదే కనిపిస్తుంది. కారులో వినేవారికి మొదటి భాగంలో సగం ఇంజను శబ్దమే వినపడుతుంది, వారికి కరాయన్ నయం. ఇంట్లో పిల్లలకు చైకోవ్‌స్కీని అలవాటు చేయాలనుకుంటే అసలు ఇటు రాకుండా ఆయన బాలే సంగీతం ‘నట్‌క్రాకర్’తో మొదలుపెట్టండి.

ఇప్పటికే ఈ రికార్డింగు ఉన్నవారు మాత్రం వైరు తెంచుకోనక్కర్లేదు. చాలా ఫోన్లలో ధ్వనిని పూర్తిగా ఎడమకో కుడికో జరిపే సదుపాయం సెట్టింగుల్లోనే ఉంటుంది. నాలుగో భాగం పెట్టి, దాన్ని ఒకసారి కుడి చివరకు, తర్వాత ఎడమ చివరకు, ఆఖరికి మధ్యకు జరిపి చూడండి. ‘మోనో ఆడియో’ ఆపి ఉందో లేదో ముందే చూసుకోండి.