రెపో లింక్డ్ హోమ్ లోన్: వడ్డీ తగ్గితే ఎవరి ఇంటిదాకా చేరుతుంది

రెపో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, తగ్గిందన్న వార్త అప్పు తీసుకున్నవాడి జేబులోకి త్వరగా దిగే దారుల్లో బ్యాంకుల రెపో లింక్డ్ హోమ్ లోన్ ఒకటి. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతుండే) గృహరుణాలు రెపో లాంటి బయటి బెంచ్‌మార్క్‌కు ముడిపడి ఉండాలి, మూడు నెలలకోసారైనా రేటు సవరించాలి. 2025లో రెపో 6.50 శాతం నుంచి 5.25కి దిగింది. ఆ తగ్గింపు మొత్తం అందితే 9 శాతం రేటు 7.75 అవుతుంది. 30 లక్షలు, 20 ఏళ్ల లోనుకు ఈఎంఐ 26,992 నుంచి 24,628కి వస్తుంది. ఇల్లు గడుస్తుంటే ఈఎంఐ తగ్గించుకోకండి. మొదట్లోనే రేటు దిగి, పాత ఈఎంఐనే కడుతూ పోతే 240 నెలల అప్పు 197 నెలల్లో తీరిపోతుంది.

ఇదే లోను 2022 మే నుంచి ఎదురు తిరిగింది. తొమ్మిది నెలల్లో రెపో 4 నుంచి 6.50కి ఎక్కింది, చాలామందికి ఈఎంఐ కదలకుండా గడువు సాగిపోయింది. రేటు పెరిగితే ఈఎంఐ పెంచాలా, గడువు పొడిగించాలా అన్నది ఎంచుకునే వీలు ఖాతాదారుకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అడిగి రాయించుకోండి.

శాంక్షన్ లెటర్‌లో చూడాల్సింది రెపో మీద బ్యాంకు వేసుకునే అదనపు శాతం, అంటే స్ప్రెడ్. కొత్త ఖాతాదారుకు తక్కువ స్ప్రెడ్ ఇస్తూ పాతవాళ్లను ఎక్కువ మీదే ఉంచేయడం మామూలే. ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తన ఖర్చును బట్టి తానే లెక్కగట్టే రేటు) మీదుంటే రెపోకు మారడానికి ఫీజెంతో కనుక్కోండి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ రెపో నిబంధన లేదు. ఫ్లోటింగ్ లోను ముందే తీర్చేస్తే వ్యక్తులకు పెనాల్టీ లేదు కాబట్టి వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు.

అసలు లోపం లోనులో కాదు, అది ఎవరికి దొరుకుతుందన్న దాంట్లో ఉంది. పే స్లిప్పు, ఐటీ రిటర్ను ఉన్నవాళ్లకే ఈ తలుపు సులువుగా తెరుచుకుంటుంది. మైక్రోఫైనాన్స్‌లో 24 శాతానికి రెండేళ్ల గడువుతో 50 వేలు తీసుకున్న కూలి మనిషి నెలకు 2,644 కడుతుంది. అది ఫిక్స్‌డ్ రేటు, రెపో ఎంత దిగినా ఆ అంకె మారదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 36 శాతానికి, అప్పు తెచ్చుకున్నవాళ్లకు రెపో అన్న మాటే చేరదు. ఆస్తి ఉన్నవాడి అప్పు చవకవుతోంది, లేనివాడిది అక్కడే ఉంటోంది. ఇది సరిదిద్దాల్సిన అన్యాయం.

ఎఫ్‌డీ వడ్డీతో బతికే రిటైర్డు వాళ్లకు మాత్రం దెబ్బే: రేటు ఒక శాతం పడితే లక్షకు ఏడాదికి వెయ్యి పోతుంది. వాళ్లు రిజర్వ్ బ్యాంకు ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లు చూడాలి. పోస్టాఫీసు పొదుపు పత్రమైన ఎన్‌ఎస్‌సీ రేటుకు 0.35 శాతం కలిపి ఇస్తాయి, కనీసం వెయ్యితో కొనొచ్చు. వడ్డీ జనవరి 1న, జూలై 1న పడుతుంది, పన్ను కట్టాలి. గడువు ఏడేళ్లు. 60 దాటినవాళ్లకు మాత్రమే, అదీ వయసును బట్టి నాలుగు నుంచి ఆరేళ్ల తర్వాతే, ముందుగా తీసుకునే వీలుంది.