జీపెక్కగానే అమ్మ చెప్పులు విప్పింది

జీపెక్కగానే మా అమ్మ చెప్పులు విప్పి సీటు కిందికి తోసింది. ఎందుకమ్మా అంటే, "శ్రీశైలం మల్లయ్య అడవి కదరా, ఏ రూపంలో కనపడతాడో ఏమో" అంది. వెనక సీట్లో ఉన్న నలుగురు కుర్రాళ్ళు నవ్వారు. డ్రైవర్ నవ్వలేదు.

ఉగాది వెళ్ళిన పది రోజులకు కర్నూలు నుంచి బయల్దేరాం. నందికొట్కూరు, ఆత్మకూరు దాటాక దోర్నాల వెళ్ళే రోడ్డులో, నల్లమల అడవిలో వస్తుంది బైర్లూటి. అక్కడ అటవీశాఖ జంగిల్ క్యాంపు ఉంది. కాటేజీలు, టెంట్లు రెండూ దొరుకుతాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి కాటేజీ తీసుకున్నాం. పెద్దవాళ్ళతో వెళ్తే మీరూ అదే తీసుకోండి, ఎండాకాలం మధ్యాహ్నం టెంటులో ఉడికిపోతారు. భోజనం మామూలుగా ఇంట్లో తిన్నట్టే ఉంది, పప్పు మాత్రం చాలా బాగుంది. శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి. వానాకాలంలో సఫారీ ఉండదు.

మర్నాడు తెల్లవారుజామునే సఫారీ. గైడ్ చెంచు కుర్రాడు, వాళ్ళ పెంట, అంటే చెంచుల గూడెం, అక్కడికి దగ్గరే. వెనక కుర్రాళ్ళు ఎక్కీ ఎక్కగానే "పులిని చూపిస్తే ఐదొందలిస్తాం బ్రో" అని మొదలుపెట్టారు. "నా చేతిలో ఉందా సార్" అన్నాడు గైడ్. అమ్మ నా చెవిలో, "పూజారికి డబ్బులిచ్చి లోపలికి పంపమన్నట్టుంది" అంది. 3,000 చదరపు కిలోమీటర్లకు పైబడ్డ అడవిది. గంటన్నర జీపులో తిరిగి పులి కనపడలేదని గొడవ చేసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. మొండి కొమ్మ మీద పాలపిట్ట కూర్చుని ఉంటే జీపులో ఎవరూ కెమెరా ఎత్తలేదు. దసరా నాడు దాన్ని చూడ్డానికి ఊరి బయటిదాకా నడిచిపోయేది మనమే.

నాగలూటి వీరభద్రుడి పాత గుడి దగ్గర కాసేపు ఆగాం. కర్ణాటక భక్తులు ఉగాదికి అడవిలో నడిచి శ్రీశైలం వెళ్ళేది ఈ దారినే. బాట పక్కన ఇంకా నీళ్ళ సీసాలు పడున్నాయి. గైడ్ రెండు మూడు ఏరి జీపులో వేశాడు. "మల్లన్న మా అల్లుడమ్మా, అల్లుడింటికి పోయేవాళ్ళు ఇల్లు ఇట్లా చేసి పోతే ఎట్లా" అన్నాడు. అమ్మకు ఆ వరస బాగా నచ్చింది. అహోబిలం వెళ్తే చెంచులక్ష్మిని చేసుకున్న నరసింహుడూ వాళ్ళ అల్లుడే, సగం సింహం.

ఎలుగుబంటి కన్నా ముందు దాని చప్పుడు వినపడింది. సైకిల్ పంపు కొడుతున్నట్టు, మధ్యమధ్యలో బుస్సుమంటూ. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. ఇప్పచెట్టు కింద పుట్ట, దాని నిండా దుమ్ము, ఆ దుమ్ములో తల దూర్చిన నల్లటి బొచ్చు. పుట్ట తవ్వి నోరు ఆనించి చెదల్ని పీల్చేస్తోంది. దానికి పైవరసలో ముందు పళ్ళు రెండు ఉండవు, ఆ సందులోంచే పీల్చడం. గోళ్ళు మా ఇంటి కొడవలంత ఉన్నట్టనిపించింది నాకు, భయానికి కావచ్చు. తల ఎత్తి మా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో నాకు ఏ సందేశమూ కనపడలేదు. దానికి మేము ఎందుకూ పనికిరానివాళ్ళం, అంతే. మళ్ళీ పుట్టలోకి తల దూర్చింది. కుర్రాళ్ళు కూడా నోరెత్తలేదు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పుట్టరా అది. మనం నాగుల చవితికి పాలు పోసేది" అని గుసగుసలాడింది. గైడ్‌కు వినపడింది. "దానికి అదే అన్నం కుండమ్మా" అన్నాడు. పులి అయితే మనిషి వాసన తగలగానే తప్పుకుంటుందట. ఎలుగు ఉలిక్కిపడితే మాత్రం మీద పడుతుందట, వాళ్ళకు దాని భయమే ఎక్కువ. అమ్మ రెండు చేతులూ జోడించింది. పుట్టకా, ఎలుగుకా అని నేను అడగలేదు.

జీపు దిగి సామాన్లు వేసుకుని నేరుగా దోర్నాల మీదుగా శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల ఘాట్ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, దాన్ని బట్టి ప్లాన్ చేసుకోండి. ఆ దారిలోనే తుమ్మలబైలు సఫారీ ఉంది. ఒక్కరోజులో వచ్చి పోయేవాళ్ళకు అది చాలు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు మన్ననూరు వైపున్న ఫరహాబాద్ సఫారీ దగ్గరవుతుంది. అక్కడ లోయ చూడ్డానికి బాగుంటుంది గానీ, నేనైతే రాత్రి అడవిలో పడుకునే బైర్లూటికే ఓటేస్తాను.

ఘాట్‌లో ఉండబట్టలేక అమ్మతో వాదన పెట్టుకున్నాను. అన్నీ దేవుడి రూపాలే అయితే, 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో పసిపిల్లను చంపిన చిరుత సంగతేమిటని. అమ్మ రెండు మలుపులు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత, "ఆ తల్లి ఎట్లుందో పాపం" అంది. నేనిక ఆ మాట ఎత్తలేదు.

శ్రీశైలంలో బస గురించి చెప్పుకోడానికేం లేదు. ఆన్‌లైన్‌లో ఒక గది చూపించి, వెళ్ళాక కిటికీ లేని ఇంకో గది ఇచ్చారు. వేడినీళ్ళు బకెట్ లెక్కన డబ్బులు. పేరు రాయను, మీరు మాత్రం గది చూశాకే డబ్బు కట్టండి.

భ్రమరాంబ అమ్మవారి గుడి వెనక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెదల ఝంకారం వినపడుతుందంటారు. అరుణాసురుణ్ణి చంపడానికి అమ్మవారు తుమ్మెదల రూపమెత్తిన కథ అది. నేను చెవి పెడితే వెనక లైన్లో ఎవరిదో ఫోన్ రింగ్ వినపడింది. అమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది, వెనకవాళ్ళు "జరగండమ్మా" అనేదాకా.

"వినపడిందా?"

"ఆ. పొద్దున ఎలుగు పీల్చినట్టే ఉంది."

బయటికొచ్చి చెప్పుల స్టాండు దగ్గర తన చెప్పులు వెతకడం మొదలుపెట్టింది. ఒక్కో జతా చూసుకుంటూ పోయి సగంలో ఆగింది. పొద్దుటి నుంచీ ఆమె కాళ్ళకు చెప్పుల్లేవని ఇద్దరికీ అప్పుడే తట్టింది. క్యాంపుకు ఫోన్ చేస్తే డ్రైవర్ ఎత్తాడు. సీటు కిందే ఉన్నాయట.