పిల్లలకి స్పీచ్ పరీక్ష: స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనా, ప్రైవేటు క్లినిక్‌లోనా?

అమెరికాలో ఉన్న మన ఇళ్ళలో పిల్లలకి మాటలు ఆలస్యమైతే ముందుగా వినిపించేది వీడియో కాల్‌లో అమ్మమ్మ మాటే: "మీ మామయ్యకీ మూడేళ్ళ దాకా మాటలు రాలేదు, ఊరికే టెన్షన్ పడకు." మామయ్యకి వచ్చాయి, సంతోషం. అందరికీ వాటంతటవే వస్తాయన్న హామీ లేదు కదా. పరీక్ష చేయిస్తే పోయేదేమీ లేదు. ఎక్కడ చేయించాలన్నదే తేల్చుకోవాలి.

మూడేళ్ళు నిండకపోతే పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఎదుగుదల ఆలస్యమైన చిన్నపిల్లలకి సాయం చేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ కార్యక్రమం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. టెక్సస్‌లో ఈసీఐ అంటారు, కాలిఫోర్నియాలో ఎర్లీ స్టార్ట్. డాక్టర్ చీటీ లేకుండా మీరే ఫోన్ చేయొచ్చు. పరీక్ష ఉచితం. పేరు నమోదైన 45 రోజుల్లో పరీక్షా, అర్హత ఉంటే మొదటి ప్లాన్ మీటింగూ అయిపోవాలని ఫెడరల్ నిబంధన. థెరపిస్టు చాలావరకు ఇంటికో డేకేర్‌కో వస్తారు. థెరపీకి మాత్రం కొన్ని రాష్ట్రాలు ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి. మూడు నిండేలోపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (మీ ప్రాంతంలో ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థకి) అప్పగించే ఏర్పాటు కూడా వాళ్ళే మొదలుపెడతారు.

చిక్కంతా మూడు దాటిన పిల్లలతోనే. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, డిస్ట్రిక్ట్ చేసేదీ క్లినిక్ చేసేదీ ఒకే పరీక్ష, ఒకటి ఉచితం, ఇంకోటి ఖరీదు, అంతే తేడా అనుకోవడం. బొమ్మల పుస్తకం తెరిచి "కుక్క ఎక్కడుంది? బల్ల కింద ఉన్నది ఏది?" అని అడగడం రెండు చోట్లా ఉంటుంది. పరీక్షలో సగటు స్కోరు 100 అనీ, 85 నుంచి 115 వరకు మామూలేననీ లెక్కగట్టడం కూడా తరచుగా రెండు చోట్లా ఒకటే. కానీ తేల్చే విషయం వేరు. ఆ వయసు పిల్లలతో పోలిస్తే మీ పిల్లాడు ఎక్కడున్నాడో క్లినిక్ చెబుతుంది. డిస్ట్రిక్ట్ చూసేది ఈ ఇబ్బంది వల్ల చదువు దెబ్బతింటోందా, ప్రత్యేక సాయం కావాలా అని. అందుకే 'స' పలికేటప్పుడు నాలుక పళ్ళ మధ్య నుంచి బయటికొచ్చే ఐదేళ్ళ పాపకి క్లినిక్‌లో "థెరపీ మొదలుపెడదాం" అని, స్కూల్లో "అర్హత లేదు" అని రావచ్చు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. అయితే చదువు అంటే మార్కులొక్కటే కాదు. తోటి పిల్లలతో ఆడుకోలేకపోవడం, టీచర్‌కి తన అవసరం చెప్పుకోలేకపోవడం కూడా లెక్కలోకి వస్తాయి. మీటింగ్‌లో ఇలాంటివి చెప్పాల్సింది తల్లిదండ్రులే.

డిస్ట్రిక్ట్ దారికి ఆధారం ఐడియా (IDEA) అనే ఫెడరల్ చట్టం, అంటే వైకల్యమున్న పిల్లల చదువు కోసం చేసిన చట్టం. దీని మూలం 1975 నాటిది. పిల్లాడు ప్రైవేటు ప్రీస్కూల్‌కి వెళ్తున్నా, అసలు ఏ బడికీ వెళ్ళకపోయినా, సాయం అవసరమైన పిల్లల్ని వెతికి పరీక్షించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. దీన్నే చైల్డ్ ఫైండ్ అంటారు. మనది హెచ్1బీ వీసా, హెచ్4 వీసా అని భయపడక్కర్లేదు. వలస హోదా కారణంగా ప్రభుత్వ బడి పిల్లల్ని తిప్పి పంపకూడదని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది. "స్పెషల్ ఎడ్ (ప్రత్యేక విద్య) ముద్ర పడిపోతుందేమో" అన్న బెంగ కూడా అనవసరం. పరీక్షకి సంతకం పెట్టినంత మాత్రాన థెరపీకి ఒప్పుకున్నట్టు కాదు, మొదలైన థెరపీని కూడా మీరు రాతపూర్వకంగా ఆపించుకోవచ్చు.

ఈ దారిలో విసుగు పుట్టించేది కాలమే. నోటిమాటగా టీచర్‌తో అంటే అది అక్కడే ఆగిపోతుంది. తేదీ వేసి ఈమెయిల్ పంపాలి. టెక్సస్‌లో 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి, మీరు సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. కాలిఫోర్నియాలో 15 రోజుల్లో పరీక్ష ప్లాన్ చేతికివ్వాలి, సంతకం తర్వాత 60 రోజుల్లో ఐఈపీ (పిల్లాడికి బడి ఇచ్చే సాయం రాసుకునే ప్లాన్) మీటింగ్ పెట్టాలి. సొంత గడువు పెట్టుకోని రాష్ట్రాల్లో పరీక్షకి ఫెడరల్ గడువు 60 రోజులు. పరీక్ష గడువుకి గడియారం తిరిగేది సంతకం నుంచి, ఈమెయిల్ నుంచి కాదు. వేసవి సెలవులు చాలాచోట్ల లెక్కలోకి రావు. ఏప్రిల్ చివర అడిగినవాళ్ళకి జవాబు వచ్చేసరికి కొత్త క్లాసు మొదలైపోవచ్చు.

క్లినిక్‌కి ఈ లెక్కలేవీ లేవు, కానీ వెయిటింగ్ లిస్టు ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు "స్పీచ్ థెరపీ కవర్ అవుతుందా?" అని అడిగితే "అవుతుంది" అనేస్తారు, బిల్లు వచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. పరీక్షకి 92523, థెరపీకి 92507 అనే బిల్లింగ్ కోడ్లు చెప్పి అడగండి. ఏడాదికి ఎన్ని విజిట్లు, ముందస్తు అనుమతి కావాలా, ఎదుగుదల ఆలస్యానికి కవరేజ్ లేదన్న షరతు ఉందా అని విడివిడిగా అడగండి. చాలా ప్లాన్లు తప్పించుకునేది ఈ చివరి షరతు దగ్గరే. ఇన్సూరెన్స్ బాగుంటే క్లినిక్‌తో లాభం పెద్దదే. థెరపిస్టు ఒక్క పిల్లాడితోనే కూర్చుంటారు, మీరూ పక్కన ఉండి ఇంట్లో ఏం చేయించాలో చూసి నేర్చుకోవచ్చు. బడిలో చాలాసార్లు ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెడతారు.

తెలుగు ఇళ్ళకి ఇంకో సంగతి ఉంది. అది ఏ దారైనా తప్పదు. ఇంటి భాష అడిగితే "ఇంగ్లిష్" అని రాసేవాళ్ళున్నారు, పిల్లాణ్ణి వేరే లెక్కలో వేస్తారేమోనని. నిజమే రాయండి. వీలైనంత వరకు పిల్లల సొంత భాషలో పరీక్షించాలని చట్టం చెబుతోంది, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మీరు అడగొచ్చు. వాడు "నీళ్ళు", "మిల్క్" అని చెరో భాషలో అంటే రెండూ లెక్కలో చేరాలి. "బుక్" బదులు "బుక్కు" అంటే అది లోపం కాదు, తెలుగు అలవాటు. ఈ తేడా తెలియని థెరపిస్టు దాన్ని తప్పుగా రాసేసుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు డిస్ట్రిక్ట్‌కే. ఉచితం అన్నది ఒక కారణం. హక్కుగా వచ్చేది కాబట్టి ఇన్సూరెన్స్ మారినా, ఉద్యోగం పోయినా అది ఆగదన్నది అంతకంటే పెద్ద కారణం. కానీ ఒక్కటే ఎంచుకోవాలని ఎవరూ అనలేదు. ఈ వారమే డిస్ట్రిక్ట్‌కి ఈమెయిల్ పెట్టి, ఆ గడువు నడుస్తుండగా క్లినిక్ లిస్టులో పేరు రాయించండి. ఈలోగా ఆడియాలజిస్టు దగ్గర చెవి పరీక్ష కూడా చేయించండి. చెవిలో నీరు చేరి సరిగ్గా వినపడని పిల్లలకి మాట ఆలస్యమయ్యే అవకాశం ఉంది. క్లినిక్ రిపోర్టు ముందే చేతికొస్తే స్కూల్‌కి ఇవ్వండి. వాళ్ళు దానికి కట్టుబడక్కర్లేదు గానీ, పరిశీలించక తప్పదు.

డిస్ట్రిక్ట్ అసలు పరీక్షకే ఒప్పుకోకపోతే కారణం రాతలో ఇవ్వాలి. పరీక్ష చేసి అర్హత లేదన్నాక అది మీకు సరిగ్గా అనిపించకపోతే, బయటి నిపుణుడితో డిస్ట్రిక్ట్ ఖర్చు మీదే మళ్ళీ పరీక్ష చేయించమని అడగొచ్చు. అప్పుడు వాళ్ళకి రెండే దారులు: ఆ ఖర్చు భరించడం, లేదంటే తమ పరీక్ష సరైనదేనని అధికారిక విచారణలో (హియరింగ్) రుజువు చేసుకోవడం.