మేనేజ్డ్ సర్వర్ తీసుకునేవాళ్లూ, జాగ్రత్త! రీబూట్ ఎలా కొడతారో ముందే అడగండి

సర్వర్‌ను మన బదులు వాళ్లే చూసుకుంటామంటూ ఈ మేనేజ్డ్ ప్లాన్లు అమ్మేవాళ్ల సంగతి మీకు తెలిసిందే. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ అయ్యింది, రాత్రి రీస్టార్ట్ చేయండి అని టికెట్ పెడితే, నలుగురు లాగిన్ అయి పని చేస్తుండగా పట్టపగలే రీస్టార్ట్ కొట్టేశారు. ఒక్క మెసేజ్ లేదు.

ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో, మెషీన్ ఎప్పుడు ఆగిందో చూపే 'లాస్ట్ -ఎక్స్' కమాండ్ కొట్టి చూస్తే రీబూట్ లైను ఉంది, దానికి ముందు ఉండాల్సిన షట్‌డౌన్ లైను లేదు. నలుగురి పేర్ల పక్కనా 'క్రాష్' అనే ఉంది. నిలదీస్తే వచ్చిన జవాబు ఇదీ: "మామూలు రీబూట్ సర్వీసుల (వెనక నడిచే ప్రోగ్రాముల) కోసం 90 సెకన్ల దాకా ఆగుతుంది. మేం ఎప్పుడూ సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌లోకి 'బి' పంపేస్తాం. రీస్టార్ట్ అయ్యింది కదా, ఇంకేం కావాలి?"

ఒళ్లు మండిపోయింది. సిస్‌ఆర్‌క్యూ అంటే కెర్నల్‌కి ఒక్క అక్షరంతో నేరుగా ఆదేశం ఇచ్చే దారి, అందులో 'బి' అంటే ఉన్నపళంగా రీబూట్. ఆ 90 సెకన్లు ఉన్నదే డేటాబేస్ తన పని ముగించుకుని దిగడానికి! సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ముందు సిగ్‌టర్మ్ (పని ముగించుకుని ఆగమనే సంకేతం) పంపుతుంది, గడువు దాటినా దిగకపోతేనే సిగ్‌కిల్ (బలవంతంగా ఆపేయడం). 'బి' పంపితే ఇవేవీ జరగవు. సింక్ (మెమరీలో ఉన్నది డిస్కుకి రాయడం) ఉండదు, అన్‌మౌంట్ (డిస్కును సరిగ్గా విడదీయడం) ఉండదు, ప్లగ్ పీకేసినట్టే. లైనక్స్‌లో సేవ్ చేసింది దాదాపు 30 సెకన్ల దాకా మెమరీలోనే ఉండొచ్చు. అందుకే అప్పుడే సేవ్ చేసిన ఫైళ్లు 0 బైట్లతో మిగిలాయి. మెషీన్ నిజంగా బిగుసుకుపోతే తప్ప 'బి' జోలికి పోకూడదు. అప్పుడైనా ముందు 'ఎస్' పంపి సింక్ చేయాలి, 'యు' పంపి డిస్కులను రీడ్-ఓన్లీ చేయాలి, ఆ తర్వాతే 'బి'.

పైగా మెషీన్ మొదట మామూలుగా లేవలేదు, ఎమర్జెన్సీ మోడ్‌లో (రిపేరు కోసం ఆగే స్థితిలో) ఆగిపోయింది. బూట్ అప్పుడు ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో, తీసేసిన డిస్కు లైను అలాగే ఉంది, దానికి 'నోఫెయిల్' (డిస్కు దొరక్కపోయినా ఆగకు అనే ఆప్షన్) లేదు. ఇది మాత్రం నా తప్పే. ఆ ఫైల్లో తప్పులు వెతికే 'ఫైండ్‌మౌంట్ --వెరిఫై' ఒక్కసారి కొట్టి ఉంటే ముందే దొరికేది.

కొనేముందు రాతపూర్వకంగా అడగండి: 'హూ' కొట్టి ఎవరున్నారో చూస్తారా? 10 నిమిషాల తర్వాత రీబూట్ చేసే 'షట్‌డౌన్ -ఆర్ +10' పక్కన మెసేజ్ పెడతారా? అలా పెడితే లాగిన్ అయి ఉన్న అందరి టెర్మినళ్లలో ఆ మెసేజ్ కనిపిస్తుంది, చివరి 5 నిమిషాల్లో కొత్త లాగిన్లు ఆగిపోతాయి, ఎవరైనా ఆగమంటే 'షట్‌డౌన్ -సి'తో రద్దు చేయొచ్చు. చేతితో స్టార్ట్ చేసిన సర్వీసులు ఉంటే 'ఎనేబుల్' (బూట్‌తో పాటే వాటంతటవే మొదలయ్యే సెట్టింగ్) అయ్యాయో లేదో కూడా చూసుకోండి, లేకపోతే రీబూట్ తర్వాత అవి లేవవు.