చూసినందుకే వంద తీసుకునే వైండింగ్ కొట్టు

ఒంగోల్లో మా ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా, మిక్సీ మొరాయించినా, నీళ్ల మోటారు కాలినా మేం పోయేది ఒకే కొట్టుకి. కొత్తపట్నం బస్టాండు దగ్గర ఒక సందులో ఉంటుంది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయి ‘మోటార్ వైండింగ్ వర్క్స్’ అన్న మాటలే మిగిలాయి. కాలిన మోటారుకి రాగి తీగ మళ్లీ చుట్టిచ్చే కొట్టు అది, తండ్రీకొడుకులు నడుపుతారు. ఈ మధ్య ఆ కొట్టు మీద మా వీధిలో ఒకటే గొడవ. “చూసినందుక్కూడా వంద తీసుకుంటున్నారంట, ఎక్కడన్నా ఉందా?” అని. ఆ వంద గురించి నాకు కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. అది చెప్పేముందు పని ఎలా చేస్తారో చెబుతాను.

మా మిక్సీ 750 వాట్లది. గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేసి తిప్పుతుంటే అడుగున నిప్పురవ్వలు కనబడి టక్కున ఆగిపోయింది. కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే మనిషి వచ్చాడు. స్క్రూ కూడా విప్పలేదు. ఒకసారి ఆన్ చేసి, ఆఫ్ చేసి, “మోటారు పోయింది మేడం, అది మార్చే డబ్బులకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది, ఆఫర్ కూడా నడుస్తోంది” అన్నాడు. వచ్చినందుకు చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. విచిత్రం ఏమిటంటే ఆ చార్జీ గురించి మా వీధిలో ఎవరూ నోరెత్తలేదు. ఆయనకి యూనిఫాం ఉంది, మెడలో కార్డు ఉంది, ఫోన్లోకి బిల్లు వచ్చింది.

అదే మిక్సీని వైండింగ్ కొట్టుకి పట్టుకెళ్లాను. కొడుకు దాన్ని బోర్లా తిప్పి, అడుగు విప్పి, పక్కల నుంచి రెండు కార్బన్ ముక్కలు లాగి నా అరచేతిలో పెట్టాడు. ఒకటి చిటికెన వేలి గోరంత కూడా మిగల్లేదు. “ఇవి అరిగాయక్కా, మోటారు బాగానే ఉంది” అన్నాడు. లోపల రాగి చుట్టు నల్లబడి ఉంటే సన్నటి ఎమరీ కాగితంతో తుడిచాడు. కొత్త కార్బన్లు వేశాడు. జారు కూర్చునే చోట కప్లర్ పళ్లు అరిగి ఉంటే అదీ మార్చాడు. జారు ఎక్కడన్నా బిగుసుకుపోతే మోటారు కాలకుండా ముందు కప్లర్ పోయేటట్టు చేస్తారట. నాకు తెలియని సంగతి. కార్బన్లకి 80, కప్లర్‌కి 50, పనికి 200. మొత్తం 330. పనికి అని విడిగా ఒక వరస రాసి ఉంది బిల్లులో. ఆ 200లోనే చూసినందుకు తీసుకునే వంద కలిసి ఉంటుంది. పని చేయించుకుంటే వంద అందులోకి పోతుంది. చేయించుకోకుండా సరుకు వెనక్కి తీసుకెళ్తే మటుకు వంద ఇచ్చి వెళ్లాలి.

ఇక్కడే గొడవ.

మా నాన్నకి ఎనభై దాటాయి. కొండపి దగ్గర పల్లెటూళ్లో పొగాకు వేసినవాడు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. వస్తూ వస్తూ తన ఫ్యాను కూడా తెచ్చుకున్నాడు. 1987లో కొన్న ఉషా ఫ్యాను, ఒక్కళ్లు ఎత్తలేరు. అది ఈ వేసవి మొదట్లో కాలింది. కొట్టుకి తీసుకెళ్తుంటే నేనూ వస్తానని పట్టుబట్టి నాన్న ఆటో ఎక్కాడు. కొట్టు ముందు అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిన ‘చెకింగ్ 100’ చదివి అక్కడే నిలబడిపోయాడు.

“ఏందబ్బాయా, చూసినందుక్కూడా డబ్బులా? నీ కళ్లక్కూడా కరెంటు బిల్లొస్తందా?”

కుర్రాడు నవ్వాడు. “చూడ్డమే పని తాతా. ఏం పోయిందో తెలిశాక విప్పి బిగించేదానికేముంది?”

లోపల కూచున్న వాళ్ల నాన్న తల ఎత్తకుండానే, “నేనయితే తీసుకోనండీ. ఇప్పుడు వాడి రాజ్యం” అన్నాడు. మా నాన్నకి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ కలిసి ఈ కాలం పిల్లల మీద కాసేపు చెప్పుకున్నారు. డబ్బు యావ ఎక్కువైందని, వస్తువంటే విలువ లేదని, ఒళ్లు వంచరని. ఒళ్లు వంచరు అనుకుంటున్నంతసేపూ ఆ కుర్రాడు నేల మీద కూచుని ఎవరిదో మోటారు బేరింగు లాగుతూనే ఉన్నాడు.

ఆ పెద్దాయన ముప్పై ఏళ్ల పైనుంచి చూసినందుకు పైసా తీసుకోకుండా చూశాడు. జనం సరుకు తెచ్చి పడేస్తారు. విప్పి, మీటరు పెట్టి, ఏ చుట్ట తెగిందో పట్టుకునేసరికి గంట పడుతుంది. రేటు చెప్పగానే “ఇంట్లో అడిగి చెబుతాం” అని మళ్లీ బిగించమంటారు. బిగించడానికి ఇంకో అరగంట. చాలామంది అటునుంచటే షోరూముకి పోతారట, కొత్తది కొనడానికి. ఆ గంటన్నర ఎవరి ఖాతాలోకి వెళ్లింది? పెద్దాయన దాన్ని ఎప్పుడూ ఎక్కడా రాసుకోలేదు. కొడుకు రాస్తున్నాడు. తేడా అంతే. మా వీధిలో జనం దీన్నే ‘కక్కుర్తి’ అంటున్నారు.

నాన్న బేరం ఎలా చేస్తాడో చెబితే మీకు ఇంకా బాగా తెలుస్తుంది. ఫ్యానుకి రాగి ఎంత పడుతుంది, కిలో ఎంత, బేరింగులు ఎంత అని అడిగి, వేళ్ల మీద కూడి, “అంతేగా మరి, పైన ఇంకేముంది?” అంటాడు. పైన ఉన్నది చేతిపని. అది ఆయన లెక్కలోకి రాదు. పిసినారితనం అనుకోకండి, బంధువుల పెళ్లిళ్లకి ధారాళంగా పెట్టే మనిషి. ఆయన బతుకంతా లెక్క అట్లాగే నడిచింది. మా చిన్నప్పుడు పొగాకు ఆకు కర్రలకి కట్టేది అమ్మ, నేను, తమ్ముడు. ఆ ఆకుని వేడి మీద ఆరబెట్టే బ్యారన్‌లో పెట్టాక ఐదారు రోజులు రాత్రీపగలూ మంట చూసుకోవాలి. వేడి తక్కువైతే ఒక బాధ, ఎక్కువైతే ఒక బాధ, నిప్పు అంటుకుంటే ఏడాది పంట బుగ్గి. నాన్న అక్కడే నులక మంచం వేసుకుని మేలుకునేవాడు. నోటుబుక్కులో రాసే ఖర్చుల్లో కట్టెలుండేవి, ఎరువుండేది, కూలోళ్లుండేవాళ్లు. మేం నలుగురం ఉండేవాళ్లం కాదు. మా పనికి కూలి కడితే పొగాకులో లాభం మిగిలేదో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

అట్లాంటి మనిషికి ‘చెకింగ్ 100’ అంటే ఒళ్లు మండక ఏం చేస్తుంది?

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి సంగతి వేరు. దానికి నెలకి వచ్చేది నాన్న ఒక పంటకాలంలో చూసిందాని కంటే ఎక్కువ. కుళాయి కారితే ఫోన్లో మనిషిని పిలుస్తుంది, విజిటింగ్ చార్జీ ఎంతో కూడా చూడదు, పైన టిప్పు కూడా ఇస్తుంది. “వాళ్ల టైమ్ కదమ్మా” అంటుంది. తన టైమ్ గురించీ అంతే ఖచ్చితం, సాయంత్రం ఏడు దాటాక ఆఫీసు ఫోన్ ఎత్తదు. కానీ మిక్సీ ఆగిపోయిందని చెప్పగానే అడిగింది ఒక్కటే: “రంగు ఏది కావాలి?” నేను రిపేరుకి ఇస్తున్నానంటే జాలిపడింది. వాయిదాల్లో వస్తుంది, వడ్డీ కూడా లేదు అంది. సున్నా వడ్డీ అనేది ఎక్కడా ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఏదో ఒక ఫీజు రూపంలోనో, తగ్గించాల్సిన ధర తగ్గించకుండానో రాబడతారు. అది మా అమ్మాయికి తెలియక కాదు, పట్టించుకోదు.

దీనికి మా నాన్న, “మా కాలంలో డబ్బు చేతిలో ఉంటేనే కొనేవాళ్లం” అని ఒక పాట ఎత్తుకుంటాడు. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ ఉషా ఫ్యాను అరువుకి వచ్చింది. ఎండలు మొదలు కాగానే తెచ్చాడు, పొగాకు వేలంలో అమ్ముడుపోయాక బాకీ తీర్చాడు. మన వైపు వేలంపాటలు 1985లో మొదలయ్యాయి. అంతకుముందు వ్యాపారి ఎప్పుడిస్తే అప్పుడే డబ్బు. వేలం వచ్చాక ఫలానా నెలలో డబ్బు వస్తుందన్న ధీమా కుదిరింది, కొట్లవాళ్లూ ఆ ధీమా మీదే సరుకిచ్చేవాళ్లు. అరువు ధర వేరు, రొక్కం ధర వేరు. ఏడాదికొక వాయిదా కట్టినవాడికి నెలకొక వాయిదా కట్టే మనవరాలు దుబారా మనిషిగా కనబడుతుంది!

సరే, ఫ్యాను దగ్గరికి వద్దాం. ఈ కొట్టు మీద నాకు గురి కుదిరింది ఇక్కడే.

కుర్రాడు ఫ్యాను విప్పి చూసి, “ఇది ఎక్కడ పెడతారక్కా?” అని అడిగాడు. హాల్లో అన్నాను. “రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుంది?” వేసవిలో పదిహేను గంటలన్నా తిరుగుతుంది. అప్పుడు బిల్లు పుస్తకం వెనక లెక్క వేసి చూపించాడు. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉండి తక్కువ కరెంటుతో తిరిగేది, 30 వాట్ల దగ్గర ఆగుతుంది. తేడా 45 వాట్లు, పదిహేను గంటలకి నెలకి 20 యూనిట్లు. ఏసీ వాడే నెలల్లో మా వాడకం 225 యూనిట్లు దాటుతుంది, ఆ శ్లాబులో యూనిట్ 8 రూపాయల 75 పైసలు. అంటే నెలకి 175 రూపాయలు. మూడు వేల ఫ్యాను అట్లాంటి నెలలు పదిహేడు తిరిగేసరికి తన డబ్బు తను తెచ్చుకుంటుంది. “హాల్లోకి కొత్తది కొనండి. ఇది వెనక వరండాలో పెట్టేదుంటే చుట్టిస్తాను, ఇంకో ఇరవై ఏళ్లకి ఢోకా లేదు” అన్నాడు. వైండింగ్ చేసి బతికేవాడు కొత్త ఫ్యాను కొనమని చెప్పడం నేనెక్కడా చూడలేదు. ఆ సలహాకి వంద రూపాయలు తక్కువే.

చుట్టే పని మాత్రం పెద్దాయనదే. మేం అక్కడే స్టూలు వేసుకుని కొంతసేపు చూశాం. మాడిన వార్నిష్ వాసన గుప్పుమంది. పాత తీగ కత్తిరించి లాగి కాటా వేశారు. “రాగి మీది, పట్టుకుపోతారా, బిల్లులో తగ్గించమంటారా?” అని అడిగాడు పెద్దాయన. మా నాన్న ముఖం అప్పుడు వెలిగింది. తర్వాత ప్రతి గాడిలో కాగితం మడిచి పెట్టి, సన్నటి కొత్త తీగని వెదురు పుల్లతో లోపలికి నెడుతూ కూర్చాడు. వెంట్రుకంత తీగ, పైపూత గీరుకుపోతే మళ్లీ కాలుతుంది, అందుకే ఇనుప ముక్క వాడడు. దారంతో బిగించి కట్టి, వార్నిష్ పట్టించి ఎండలో వేలాడదీశాడు. పక్కన ఎవరిదో చవకరకం ఫ్యాను విప్పి ఉంది. దాని తీగ గోకి చూపించాడు, లోపల తెల్లగా అల్యూమినియం. అట్లాంటివి చుట్టించుకోవద్దని ముఖాన్నే చెప్పేస్తాడు.

వైండింగ్ 550, బేరింగులు రెండూ 180, కెపాసిటర్ 60. పాత రాగి పోగా ఏడువందల లోపే అయింది. నాన్న ఇరవై తగ్గించమన్నాడు. పెద్దాయన తగ్గించబోయాడు. కుర్రాడు వద్దన్నాడు. నేను మొత్తం ఇచ్చేశాను. ఇంటికొచ్చేదాకా ఆటోలో నాన్న నాతో మాట్లాడలేదు.

ఆ కుర్రాడు డిప్లొమా చదివి శ్రీసిటీలో ఏసీల ఫ్యాక్టరీలో చేసి వచ్చాడు. ఉద్యోగం వదిలేసి ఈ మసి పని ఏందని వాళ్ల బంధువులు ఇప్పటికీ పోరుతున్నారట. అక్కడి జీతం గది అద్దెకీ తిండికీ సరిపోయేదని, ఇక్కడ మిగులుతోందని అన్నాడు. వాళ్ల నాన్న చేసినట్టు ఊరికే చూస్తే మిగిలేది కాదు.

లోపాలు లేవని కాదు. ‘రేపు’ అంటే ఎల్లుండి అనుకోండి. ఫోన్ చేస్తే ఎత్తరు. వైండింగ్‌కి మూడు నెలల గ్యారంటీ కొడుకు ఉంటే కాగితం మీద రాసిస్తాడు, తండ్రి ఉంటే “నా మాట చాలదా” అంటాడు. కాగితం అడిగే తీసుకోండి. బీఎల్‌డీసీ ఫ్యానుల్లో లోపలి బోర్డు పోతే వీళ్ల దగ్గర పని అంతంతమాత్రమే. మా పక్కింటివాళ్లకి వేరే బోర్డు వేశారు, ఫ్యాను తిరుగుతోంది కానీ రిమోట్ పనిచేయడం లేదు. కంపెనీలు రిపేరు వివరాలు అందరికీ చూపించేటట్టు కేంద్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ అని ఒక వెబ్‌సైటు పెట్టింది కదా అంటే, “బోర్డు సర్క్యూట్ బొమ్మ నా చేతికి ఎవరిస్తారక్కా” అన్నాడు కుర్రాడు. వాళ్ల నాన్నకి ఆ బోర్డులంటే చులకన, ‘ఆకుపచ్చ అట్ట’ అంటాడు. ఇంకో నాలుగేళ్లకి వచ్చే సరుకంతా ఆ అట్టలదే అయితే కొట్టు ఎట్లా నడుస్తుందో వాళ్లే చూసుకోవాలి.

నేను ఐదుకి నాలుగు ఇస్తాను. వంద తీసుకుంటున్నారని ఒక్క మార్కు కూడా తగ్గించలేదు, తగ్గించింది ‘రేపు’ల కోసం.

పోయేవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా పోకండి, మూసి ఉంటుంది. ఆదివారం సెలవు. కారు సందులోకి పోదు. మిక్సీ తీసుకెళ్తే జార్లు కూడా పట్టుకెళ్లండి, సగం సార్లు లోపం జారు అడుగున బ్లేడు తిరిగే బుష్‌లోనే ఉంటుందట, అప్పుడు పని చవగ్గా తేలిపోతుంది. గీజర్లు, ఇండక్షన్ స్టవ్‌లు ముట్టుకోరు.